ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ కొట్టేస్తే ఎక్కడికి వెళ్లాలి: అన్ని గడపలూ తొక్కాక మా సమీక్ష

తిరస్కరణ ఉత్తరంలో ముందు చూడాల్సింది క్లాజు నంబరు. ఏ షరతు కింద కాదంటున్నారో కంపెనీ స్పష్టంగా రాయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. ‘పాలసీ నిబంధనల మేరకు’ అని గాల్లో రాస్తే, మొదటి మెయిల్ ఆ నంబరు అడగడానికే పెట్టండి. ఉత్తరంలో లేని కారణాన్ని తర్వాత తగిలించడం కోర్టుల్లో నిలవదు.

కోనసీమ, భీమవరం వైపు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి ఎక్కువగా తగిలేది ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ క్లాజు. గొడవ మొదలయ్యేది ఎమర్జెన్సీ వార్డులో. కంగారులో కొడుకు ‘అమ్మకి పదేళ్లుగా బీపీ’ అంటాడు, నర్సు రాసేస్తుంది. అక్కడి ఆసుపత్రి బిల్లు యూబీ-04 ఫారంలో వస్తుంది. 67వ గడిలో అసలు జబ్బు కోడ్, 67ఏ నుంచి పక్కనున్న జబ్బులవి. చేరింది న్యుమోనియాతోనే అయినా, పక్క గడిలో బీపీ కోడ్ ఐ10 కనబడితే చాలు, క్లెయిమ్ పక్కన పెట్టేస్తారు.

దీనికి మందు అక్కడ వైద్యం చేసిన డాక్టరు ఇచ్చే ఉత్తరం. రెండే వాక్యాలు కావాలి: దేనివల్ల చేర్చుకున్నారు, దానికి బీపీ కారణమా కాదా. అమలాపురం డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ ఈ పనికి చాలదు, ఆయన రోగిని అప్పుడు చూడలేదు కదా. ఆయన రికార్డు పనికొచ్చేది తేదీలకి. 2024 నిర్వచనం ప్రకారం పాలసీకి ముందు 36 నెలల్లో బయటపడిందో, వైద్యం పొందిందో అయితేనే పాత జబ్బు. మీ పాలసీ పుస్తకంలో ఏ నిర్వచనం అచ్చయిందో చూసుకోండి. తేదీ లేని ఆర్‌ఎంపీ చీటీ ఎటూ అక్కరకు రాదు. నర్సు రాసింది తప్పయితే సవరించమని ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగొచ్చు, అమెరికా చట్టం ప్రకారం 60 రోజుల్లో జవాబివ్వాలి.

మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. క్లాజుకి రెండర్థాలొస్తే పాలసీదారుకి అనుకూలమైనదే చెల్లుతుంది. ప్రపోజల్‌లో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తులో, చెప్పిన షుగర్ సంగతి తెలిసే పాలసీ ఇచ్చి, తర్వాత గుండెపోటు క్లెయిమ్‌ని పాత జబ్బని కాదనడం కుదరదని, విదేశీ ప్రయాణ పాలసీ కేసులోనే 2021 డిసెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదులో ఆ తీర్పు జతచేయండి. అయితే ప్రపోజల్ ఫారంలో ‘జబ్బులేమీ లేవు’ అని ఉండి, కింద మీ సంతకం ఉంటే పని కష్టం. ‘ఏజెంటే నింపాడండీ’ అన్నది ఎవరినీ కదిలించదు.

తుఫాను క్లెయిముల్లో తగాదా అంతా గంటల మీదే. మధురపూడి (రాజమహేంద్రవరం విమానాశ్రయం) విమానం రద్దయి హైదరాబాద్‌లో విదేశీ విమానం తప్పిపోతే, పాలసీ కొనేనాటికే తుఫాను సంగతి మీకు తెలుసని కంపెనీ అంటుంది. వాతావరణ శాఖ బులెటిన్ల తేదీ, సమయం పక్కన పాలసీ జారీ సమయం పెట్టి చూపించండి. రెండు టికెట్లు విడివిడిగా కొనుంటే మాత్రం కనెక్షన్ తప్పిన క్లాజు చాలాసార్లు వర్తించదు.

ఇక గడపల సంగతి. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగం మొదటి జవాబునే తిప్పి పంపుతుంది, కానీ ఆ మెట్టు దాటకపోతే పైకి పోలేం. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్ ఫైలు కదిలించడానికి మంచిది, 155255కి ఫోన్ చేసినా నమోదు చేస్తారు, తీర్పు మాత్రం చెప్పరు.

మా ఓటు బీమా తగాదాలు తేల్చే అధికారి, హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కే. ఫీజు లేదు, లాయరు ఉండకూడదు, 50 లక్షల వరకూ వింటారు. యానాం పుదుచ్చేరిదైనా ఇక్కడికే వస్తుంది. కంపెనీకి రాసి నెల ఆగాలి, లేదా ఈలోపు కాదన్న జవాబు రావాలి. ఆ జవాబు దగ్గర్నుంచి ఏడాదిలోపు వేయాలి. చాలా ఫైళ్లు ఆగేది అంబుడ్స్‌మన్‌కి ఇచ్చే సమ్మతి ఫారంలో అడిగిన మొత్తం బిల్లులతో సరిపోకే. డాలర్లని ఏ రోజు రేటుతో మార్చారో రాయండి. అన్ని కాగితాలూ అందాక మూడు నెలల్లో అవార్డు, అంటే తీర్పు, ఇవ్వాలి. అది కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కాదు.

నచ్చకపోతే కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు వినియోగదారుల కమిషన్లున్నాయి. చెల్లించిన ప్రీమియం అయిదు లక్షల లోపయితే ఫీజు ఉండదు. వాయిదాలే ఓపిక తినేస్తాయి. అక్కడ కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి వరస మార్చొద్దు. కమిషన్‌కి రెండేళ్ల గడువు తిరస్కరణ తేదీ నుంచే లెక్కేసుకోండి, అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన నెలలు అందులోంచే పోతాయి.