ఇటలీ నకలు 1860 ఆర్మీ రివాల్వర్: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను: ఇందులో ఉక్కు మంచిది, బిగింపు నాసిరకం. కోల్ట్ కంపెనీ 1860 నుంచి 1873 దాకా సుమారు రెండు లక్షలు తయారుచేసిన ఆర్మీ మోడల్‌కి ఇది ఇటలీలో చేసిన నకలు. .44 క్యాలిబర్, తిరిగే సిలిండర్‌లో ఆరు ఛాంబర్లు (మందు నింపే గదులు). తూటాలుండవు. ఛాంబర్‌లో నల్ల తుపాకిమందు, దానిమీద సీసం గుండు, వెనక నిపిల్ అనే చిన్న గొట్టం మీద క్యాప్, అంటే హ్యామర్ దెబ్బకి పేలి మందుని అంటించే బుల్లి టోపీ. నా చేతికి వచ్చేసరికే తుప్పుపట్టి ఉంది, అందుకే చవగ్గా వచ్చింది.

ఇలాంటి పాత సరుకు విప్పే ముందు ఛాంబర్లు ఖాళీయో కాదో చూసుకోవాలి. మందు పొడిగా ఉంటే ఏళ్ల తర్వాత కూడా పేలుతుంది. సన్నటి చెక్కపుల్ల ఒక్కో ఛాంబర్‌లోకి దించి లోతు చూస్తే తెలిసిపోతుంది.

తుప్పు చూసి భయపడినంత ఏమీ లేదు. నూనెలో ముంచిన నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో చాలావరకు పోయింది. మిగిలిన భాగాల్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లబడి గట్టి పొరగా మారుతుంది. పైన తేలిన మసి తుడిచేస్తే చాలు. పాతకాలం తుపాకులకు నలుపెక్కించిన పద్ధతి దాదాపు ఇదే. కొత్తదానిలా మెరవదు కానీ నాకు ఆ గచ్చకాయ రంగే నచ్చింది. నిపిళ్లు మాత్రం ఏడిపించాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రోజుల తరబడి వదిలేసి, ఖాళీ సిలిండర్‌ని కాస్త వేడిచేసి, నిపిల్ రెంచ్‌తో తిప్పితే ఒక్కొక్కటే కిర్రుమంటూ కదిలింది. రెంచ్, స్క్రూడ్రైవర్ల దగ్గర పిసినారితనం పనికిరాదు.

అసలు జబ్బు ఆర్బర్ దగ్గరుంది. ఈ డిజైన్‌లో సిలిండర్ మీదుగా ఫ్రేమ్‌నీ బ్యారెల్‌నీ కలిపే కమ్మీ ఉండదు. ఫ్రేమ్ నుంచి ముందుకొచ్చే లావుపాటి ఇరుసే ఆర్బర్. బ్యారెల్‌ని మోసేది అదే, అడ్డంగా దూర్చే వెడ్జ్ (చీల) రెంటినీ బిగిస్తుంది. ఆర్బర్ కొస బ్యారెల్ కింది రంధ్రం అడుగుని తాకాలి. నాదాంట్లో తాకలేదు. దాంతో వెడ్జ్ గట్టిగా కొట్టేకొద్దీ సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు తగ్గిపోయేది. ఇంకాస్త కొడితే సిలిండర్ తిరగదు, తక్కువ కొడితే బ్యారెల్ ఊగుతుంది. చాలామంది కోల్ట్ డిజైన్‌నే తిడతారు కానీ, లోపం నకలు చేసినవాళ్ల కొలతలో ఉంది. తేల్చుకోవడం తేలికే. సిలిండర్ తీసేసి, బ్యారెల్‌ని పక్కకి తిప్పి ఆర్బర్ మీదికి చివరిదాకా తోయాలి. బ్యారెల్ కింది అంచు ఫ్రేమ్ అంచుని దాటి వెనక్కి పోతే ఆర్బర్ పొట్టిదన్నమాట.

రంధ్రం అడుగున చిన్న ఉక్కు బిళ్ల పెట్టి, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ సరిపెట్టాను. నాలుగు రాపిళ్లు, బిగించడం, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి చూడటం, మళ్లీ విప్పడం. విసుగు పుట్టించే పనే. అంగుళంలో వెయ్యింట నాలుగైదు వంతుల సందు దగ్గర ఆపాను. ఇప్పుడు వెడ్జ్ బొటనవేలితో నొక్కి చెక్కసుత్తితో చిన్నగా తట్టితే ప్రతిసారీ అదే సందు. గురి మెరుగుపడిందంటే ఈ బిళ్ల పుణ్యమే. లోపలి భాగాలకు పెట్టిన పాలిష్ వల్ల హ్యామర్ మెత్తగా లేస్తోంది, అంతకుమించి ఏం లేదు. ట్రిగ్గర్ తేలిక చేద్దామని ట్రిగ్గర్ పట్టుకునే హ్యామర్ గాట్లు మాత్రం ముట్టుకోకండి. వాటి అంచు అరిగితే కాక్ చేసిన (వెనక్కి లాగి నిలిపిన) హ్యామర్ దానంతటదే పడిపోవచ్చు.

ఇక క్యాపుల గొడవ. పేలిన క్యాప్ చీలి, ముక్క హ్యామర్ సందులోంచి జారి లోపలి మెకానిజంలో ఇరుక్కుంటుంది. అంతే, బండి ఆగిపోయినట్టే. క్యాప్‌కి బిర్రుగా కుదిరే, సన్న రంధ్రమున్న స్టెయిన్‌లెస్ నిపిళ్లు వేశాక బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. క్యాప్ వదులుగా ఉందని గిల్లి వంచి పెట్టడం నాకు ఇష్టం లేదు. పక్క ఛాంబర్లు కూడా ఒకేసారి అంటుకోవడానికి వదులు క్యాపులు ఒక కారణమంటారు. గుండు వైపు నుంచి ఆ టెన్షన్ లేదు. ఛాంబర్ కంటే రవ్వంత పెద్దదైన .454 అంగుళాల గుండు దిగేటప్పుడు అంచున సన్నటి సీసం ఉంగరం తెగి పడుతుంది. ఆ ఉంగరం చుట్టూ తెగకుండా వస్తే ఛాంబర్ బిగుతుగా మూసుకున్నట్టు.

వాడిన రోజే కడగాలి, మర్నాడు అనుకుంటే తుప్పే. ఈ మందు కాలాక మిగిలే మసి గాలిలో తేమని లాగేస్తుంది. వేడినీళ్లు, సబ్బు చాలు. కడిగి ఆరబెట్టాక, ఆర్బర్ మీద కొవ్వు, తేనెమైనం కలిపిన గ్రీజు రాస్తాను. మామూలు పెట్రోలియం గ్రీజు ఈ మసితో కలిస్తే తారులా గట్టిపడుతుంది. ఈ నకళ్లు నల్ల తుపాకిమందుకే, దానికి ప్రత్యామ్నాయంగా అమ్మే పొడులకే. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు.

ఒక్కటే సరిచేయలేదు. పాతిక గజాల్లో గుండు గురి కంటే పైకే పోతుంది. ముందు సైట్ ఎత్తుది వేస్తే సర్దుకుంటుంది. కానీ రూపం చెడుతుందని కిందికి గురిపెట్టడమే అలవాటు చేసుకున్నాను. పోటీలకు వెళ్లేవాళ్లు, ఆకురాయి పట్టే ఓపిక లేనివాళ్లు 1858 రెమింగ్టన్ నకలు తీసుకోవడం మేలు. దానికి సిలిండర్ మీద కమ్మీ ఉంది, వెడ్జ్ లేదు. కాకపోతే ఇరుసు సన్నం కాబట్టి మసికి తొందరగా బిగుసుకుంటుంది, మధ్యమధ్యలో తుడవాలి.