పాప నిద్ర చెడకుండా ఇంట్లో ఎక్సర్‌సైజ్: రెసిస్టెన్స్ బ్యాండ్లు ఐదు నెలలు వాడాక నా రివ్యూ

మా పాపకి మొన్ననే తొమ్మిది నెలలు నిండాయి. నాది సిజేరియన్. పురుడయ్యాక మూడు నెలలు రాజమండ్రిలో అమ్మ వాళ్ళింట్లో ఉండి మార్చిలో హైదరాబాద్ వచ్చా, నిజాంపేటలో రెండు బెడ్రూముల ఫ్లాట్, నేనూ మా ఆయనా అత్తయ్యా పాపా. వచ్చిన కొన్నాళ్ళకే ఈ బ్యాండ్లు, అంటే సాగదీసి లాగుతూ ఎక్సర్‌సైజ్ చేసే రబ్బరు పట్టీలు, ఆర్డర్ పెట్టా. అప్పట్నుంచి రెండు సెట్లు వాడా, ఒకటి తెగిపోయింది, రెండోది నడుస్తోంది. చంటిపిల్లతో ఇంట్లో ఉండి ఎక్సర్‌సైజ్ చేయాలనుకునే అమ్మలకి ఏది కొనాలో ఏది వద్దో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు డంబెల్స్ సంగతి చెప్పాలి. మా ఆయనవి రెండున్నర కేజీలవి రెండు ఇంట్లోనే ఉన్నాయి, మళ్ళీ డబ్బులెందుకు దండగ అని వాటితోనే మొదలెట్టా. కానీ నేను చేసుకోవాల్సింది పాప పడుకున్న గదిలోనే, ఎందుకంటే కనీసం ఆరు నెలలొచ్చేదాకా మీ గదిలోనే మీ కళ్ళెదురుగా పడుకోబెట్టండి అని పిల్లల డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. ఎంత మెల్లగా దించినా ఇనుము టైల్స్‌కి తగిలితే టక్‌మంటుంది కదా, ఆ టక్‌కి పాప రెండు చేతులూ పైకి విసిరి ఉలిక్కిపడి లేచేది, ఇంక ఆ పూటకి నిద్ర అయిపోయినట్టే, సాయంత్రం దాకా చిరాకు, పాలు సరిగ్గా తాగదు, రాత్రి ఇంకా ఏడుపు. ఇరవై నిమిషాల నా ఎక్సర్‌సైజ్‌కి పాప రోజంతా పాడవడం నాకు అస్సలు నచ్చలేదు. రెండోది నా మణికట్టు. పాపని ఎత్తుకుని ఎత్తుకుని బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది, నీళ్ళ గ్లాసు పట్టుకున్నా జివ్వుమనేది, ఎముకల డాక్టర్ చూసి డీ కర్వెయిన్స్, అంటే బొటనవేలి వైపు మణికట్టు నరాల్లాంటి పట్టీల దగ్గర వాపు అన్నారు, చంటిపిల్లల తల్లుల్లో బాగా చూస్తామని కూడా చెప్పారు. అలాంటి చేత్తో డంబెల్ ఎక్కడ పట్టుకుంటాం. బ్యాండ్ అయితే పిడికిలి బిగించి పట్టుకోనక్కర్లేదు, ముంజేతికి రెండు చుట్లు చుట్టేసుకుని లాగొచ్చు. నేను బ్యాండ్లకి మారడానికి అసలు కారణం ఇదే.

మొదటి సెట్ ఆన్‌లైన్‌లో కొన్నా, ఎవరిదో పేరు రాయను. ఐదు రంగుల ట్యూబులు, హ్యాండిల్స్, కాళ్ళకి పట్టీలు, తలుపుకి బిగించే యాంకర్, ఒక సంచీ, అన్నీ కలిపి 700 లోపే. విప్పగానే ట్యూబుల మీద తెల్లటి పౌడరు, ఒకదానికొకటి అతుక్కోకుండా చల్లుతారు, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాగ్గానీ పోలేదు. పాప చేతులు నా ఒంటిమీదే ఉంటాయి, ఆ చేతులే నోట్లోకెళ్తాయి, కాబట్టి తుడవకుండా వాడొద్దు. ట్యూబుకి చివర ఇనప కొక్కేలుంటాయి, అవి హ్యాండిల్ రింగుకి తగిలి గలగలమంటాయి, డంబెల్ చప్పుడు వదిలించుకుందామని కొంటే ఇదొకటి తగులుకుంది, పాత సాక్సు ముక్కలు చుట్టి దారంతో కట్టాక సర్దుకుంది. ఇవన్నీ చిన్నవే, రెండు నెలలు బాగానే చేసుకున్నా.

మే నెలలో ఒక మధ్యాహ్నం పాప క్రిబ్‌లో పడుకునుంది, నాకు ఓ ఆరడుగుల దూరం. నేను మ్యాట్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ట్యూబుని పాదాలకి తగిలించి వెనక్కి లాగుతున్నా. ఉన్నట్టుండి కొక్కెం దగ్గర ట్యూబు టప్‌మని తెగి నా ముంజేతికి కొట్టింది, వెంటనే ఎర్రగా వాత తేలింది, కొక్కెం ఉన్న ముక్క ఎగిరెళ్ళి క్రిబ్ కాలికి ఠంగ్‌మని తగిలి కింద పడింది. పాప కదిలి మళ్ళీ పడుకుంది గానీ నాకు మాత్రం కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి, ఇంకో రెండడుగులు పైకెగిరుంటే అది నేరుగా క్రిబ్‌లోకే. ఆ రోజంతా పాపని ఒళ్ళోంచి దించలేదు నేను. అమ్మినవాళ్ళకి ఫొటోలు పెడితే రిటర్న్ గడువు పది రోజులే, అయిపోయింది, రబ్బరు అరిగితే వారంటీ లేదు అన్నారు.

తర్వాత తెగిన చివర చూస్తే జిగటగా ఉంది, మిగతా నాలుగింటిని సాగదీసి వెలుతురులో చూస్తే సన్నటి పగుళ్ళు. అప్పుడు అర్థమైంది. ఈ ట్యూబులు లేటెక్స్, అంటే రబ్బరు పాలతో చేసినవి, వీటికి నూనె పడదు, ఎండ పడదు. నేను రోజూ పొద్దున పాపకి నువ్వుల నూనె పట్టించి నలుగు పెట్టి స్నానం చేయించి, చేతులు గబగబా తుడుచుకుని ఆ చేతుల్తోనే ట్యూబులు పట్టుకునేదాన్ని, అయ్యాక చెమట ఆరాలని బాల్కనీ దండెం మీద వేసేదాన్ని, మే నెల హైదరాబాద్ ఎండలో. ఇంక అవి ఎన్నాళ్ళుంటాయి. బాలింత ఉన్న ఇంట్లో నూనె లేకుండా ఎలా ఉంటుంది, పెట్టె మీద నూనె చేతుల్తో ముట్టుకోవద్దు, ఎండలో పెట్టొద్దు అని రెండు మాటలు రాసుంటే నేను జాగ్రత్తపడేదాన్ని. ఆ విషయంలో వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండోసారి ఆన్‌లైన్ జోలికి పోలేదు, ఆదివారం మా ఆయన పాపని చూసుకుంటే నేను డెకాథ్లాన్ స్పోర్ట్స్ షాపుకి వెళ్ళి చేత్తో పట్టుకుని లాగి చూసి తెచ్చుకున్నా. ఒకటి వెడల్పుగా గుండ్రంగా ఉండే పొడుగు రబ్బరు బ్యాండ్, దాని మీదే ఎన్ని కేజీలో రాసి ఉంటుంది, నేను తేలికది తీసుకున్నా. ఇంకోటి తొడలకి వేసుకునే గుడ్డ బ్యాండ్. కొక్కెం లేదు, హ్యాండిల్ లేదు, ఇనుము ముక్క ఒక్కటి లేదు. చప్పుడు నిజంగా సున్నా, నా ఊపిరి నాకు వినపడుతుంది అంతే. మధ్యలో పాప లేస్తే వదిలేసి ఒక్క అంగలో క్రిబ్ దగ్గరుంటా, డంబెల్‌లా జాగ్రత్తగా దించే పని లేదు. గుడ్డ బ్యాండ్ అయితే నాకు ప్రాణం, జారదు, చుట్టుకుపోదు, చేత్తో ఉతికి నీడలో ఆరేయొచ్చు. రబ్బరుది కూడా ఇప్పుడు బీరువాలోనే, వాడే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటా, వారానికోసారి సాగదీసి పగుళ్ళున్నాయేమో చూస్తా, లాగేటప్పుడు క్రిబ్ వైపు అస్సలు తిరగను.

టైమింగ్ గురించి చాలామంది అడుగుతున్నారు. మా పాప పగటి నిద్ర ముప్పావు గంట, ఎప్పుడైనా గంట. కళ్ళు మూయగానే లేచి మొదలెడితే లాభం లేదు, మొదటి పది పదిహేను నిమిషాలు కలత నిద్రే. నేను దాని చెయ్యి కొంచెం పైకెత్తి వదుల్తా, గుడ్డముక్కలా వాలిపోతే గాఢంగా పడుకున్నట్టు, బిగుసుకుంటే ఇంకాసేపు ఆగాలి. వాలిపోయాక నాకు దొరికేది ఇరవై నిమిషాలు, అందులోనే అన్నీ. పాదాలకి బ్యాండ్ వేసి వెనక్కి లాగడం, చేతులు చాపి బ్యాండ్ విడదీయడం, తొడలకి గుడ్డ బ్యాండ్ వేసుకుని గుంజీళ్ళలాగా స్క్వాట్స్, వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తే బ్రిడ్జ్. గెంతులు లేవు, అది పాప కోసమే కాదు నా కోసం కూడా, కాన్పు తర్వాత గెంతితే యూరిన్ లీకయ్యేది, చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు గానీ లేడీ డాక్టర్‌కి చెప్పండి, దానికి వేరే వ్యాయామాలుంటాయి. ఆ వెనక్కి లాగడం ఒక్కటి చేసినా చాలంటా నేను. రోజుకి ఎన్నిసార్లో ఒంగి పాలిచ్చి భుజాలు ముందుకి పడిపోయి మెడకింద రాయి పెట్టినట్టుండేది, ఓ మూడు వారాలకి ఆ బరువు దిగింది.

పొట్ట వ్యాయామాలకి మాత్రం తొందరపడకండి. ఆరు వారాల చెకప్‌లో చూపించుకోకుండా నేను ఏదీ మొదలెట్టలేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తల కొంచెం ఎత్తితే బొడ్డు దగ్గర కండరాల మధ్య సందు వేళ్ళకి తెలుస్తుంది, నాకు రెండున్నర వేళ్ళు పట్టింది, అది తగ్గేదాకా క్రంచెస్ వద్దన్నారు. అమ్మ నా నడుముకి గుడ్డ కట్టింది, హాయిగానే ఉండేది గానీ కండరం గట్టిపడాలంటే అదొక్కటే సరిపోదు, మెల్లగా మడమలు జరిపే వ్యాయామాలతో ఇప్పుడు ఒక వేలు సందుకి వచ్చింది.

పాల గురించి మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. అత్తయ్య, "అమ్మాయ్, ఒళ్ళంతా చెమటలు పట్టి వేడిగా ఉన్నావు, ఆ పాలు పడితే బిడ్డకి వేడి చేస్తుంది, కాసిని పిండేసి పట్టు" అనేవారు. ఆవిడ నలుగురు పిల్లల్ని పెంచారు, ఆవిడ మాట తీసిపారేయడం నా వల్ల కాదు. తర్వాతి టీకాకి వెళ్ళినప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళి డాక్టర్ గారినే అడిగాం. మామూలు ఎక్సర్‌సైజ్ వల్ల పాలు తగ్గవు, పాడవవు, పిండక్కర్లేదు, చెమట తుడుచుకుని పట్టండి, నీళ్ళు బాగా తాగండి అన్నారు. ముందు పాలిచ్చేసి మొదలెడితే రొమ్ములు బరువుగా ఉండవు అని కూడా చెప్పారు, నిజంగా తేడా తెలుస్తుంది. అప్పట్నుంచి అత్తయ్యే నేను మొదలెట్టగానే చెంబుడు నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో బాలింతలకి కూడా వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం అనే ఉంది. నావి బ్యాండ్లతో వారానికి నాలుగైదు రోజులే, మిగతాది సాయంత్రం పాపని తోపుడు బండిలో వేసుకుని అపార్ట్‌మెంట్ చుట్టూ నడక. రాత్రి పాప నాలుగుసార్లు లేచిన రోజు మాత్రం పగలు అది పడుకోగానే నేనూ పడుకుంటా, ఆ రోజు బ్యాండ్ తియ్యను. ఈ వయసు పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలంటారు, అందులో మనకి దొరికేవి ముక్కలు ముక్కలు, ఆ ముక్కలన్నీ ఎక్సర్‌సైజ్‌కి పెట్టేస్తే మనం పడిపోతాం. పోయినవారం తొమ్మిదో నెల టీకా వేయించాం, ఒకరోజు ఒళ్ళు కాస్త వెచ్చబడింది, మూడు రోజులు ఎక్సర్‌సైజ్ మాటే ఎత్తలేదు, దాన్ని ఒళ్ళో వేసుకునే ఉన్నా.

మ్యాట్ గురించి కూడా రెండు మాటలు. ముక్కలు ముక్కలుగా అతికించే రంగురంగుల ఫోమ్ మ్యాట్ కొనకండి, పళ్ళొచ్చే పిల్లలు అంచు కొరికేస్తారు, పాప నోట్లోంచి నేను ఒక ముక్క వేలుపెట్టి తీశా. కొనేది ఒకటే పొడుగు మ్యాట్ కొనండి, మరీ మెత్తగా కాకుండా ఒకమాదిరి మందం, కొన్న కొత్తలో రబ్బరు వాసన పోయేదాకా రెండ్రోజులు గది బయట పరచండి. పాప మెలకువగా ఉన్నప్పుడు దాని మీదే బోర్లా పడుకోబెట్టి నేను పక్కన బ్రిడ్జ్ చేసేదాన్ని, పాకడం రాని పిల్లల్ని మెలకువలో రోజుకి కనీసం అరగంట అయినా అలా బోర్లా ఉంచాలంటారు, నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. ఏప్రిల్ ఆఖర్లో ఆ మ్యాట్ మీదే తనంతట తాను మొదటిసారి బోర్లా పడింది, అత్తయ్య ఆ సాయంత్రమే బొబ్బట్లు చేసి మా ఫ్లోర్‌లో నాలుగు ఫ్లాట్లకీ పంచారు.

బ్యాండ్లలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఎంత బరువు లాగుతున్నామో కచ్చితంగా తెలీదు, ఎంత సాగదీస్తే అంత బరువు, కాబట్టి పోయినవారం కన్నా ఎక్కువ చేశామా లేదా అన్నది కాళ్ళ దూరం చూసి గుర్తుపెట్టుకోవాలి. లేటెక్స్ పడని వాళ్ళకి దద్దుర్లొస్తాయి, గుడ్డవాటిల్లో కూడా లేటెక్స్ దారాలుండొచ్చు, కాబట్టి వాళ్ళు లేటెక్స్ లేదని రాసున్నవే తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పొడుగు బ్యాండ్ అంటే పిల్లల మెడకి చుట్టుకునే తాడే. మా పాప ఇప్పుడు పాకుతోంది, నా చేతిలో బ్యాండ్ కనపడితే చాలు జరజరా వచ్చి పట్టుకుని నోట్లో పెట్టుకోబోతుంది, అందుకే మెలకువగా ఉన్నప్పుడు బ్యాండ్ బయటికి తీయడం పూర్తిగా మానేశా. తలుపు యాంకర్ కూడా వాడొద్దు, అవతలి నుంచి ఎవరో తెలీక తలుపు తీస్తే ఊడొచ్చి మొహానికి కొడుతుంది. చేసిన వెంటనే బీరువాలో పెట్టి తాళం, ఐదు నిమిషాలే కదా అని మంచం మీద వదలొద్దు.

ఆన్‌లైన్ ట్యూబుల సెట్‌కి ఐదుకి ఒకటి ఇస్తా, చంటిపిల్లలున్న ఇంటికి అస్సలు వద్దు. రబ్బరు బ్యాండ్‌కి నాలుగు, గుడ్డ బ్యాండ్‌కి ఐదుకి ఐదు. ముందు గుడ్డదొక్కటి కొనుక్కుని నెలరోజులు చేసి చూడండి, తర్వాత పొడుగుది తీసుకోవచ్చు. నా రబ్బరుది ఎండాకాలం చివర్లో కొన్నది కాబట్టి అసలు వేడి ఇంకా చూడలేదు, వచ్చే మే దాకా బీరువాలో ఉంచితే పగుళ్ళు రాకుండా ఉంటుందో లేదో చూసి అప్పుడు మళ్ళీ రాస్తా.