సేఫ్టీ బూట్లు: నాలుగు నెలలు తొడిగాక

పోయిన వానాకాలం మా సైటులో మూడో అంతస్తు సెంట్రింగ్ రేకుల (స్లాబు పోయడానికి కింద పరిచే ఇనుప రేకులు) మీద జారిపడ్డాను. రేకులకు పూసిన నూనె, పైన చినుకులు, నా కాళ్లకేమో అరిగిపోయిన చెప్పులు. మణికట్టు విరిగి ఆరు వారాలు పిండికట్టు. సూపర్‌వైజర్నయి ఉండి నేనే చెప్పులతో తిరిగితే మేస్త్రీకి ఏం చెప్పను?

చెయ్యి బాగయ్యాక సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి 1,450 రూపాయలకు ఈ బూట్లు కొన్నాను. 600కీ దొరుకుతాయి గానీ వాటి అడుగు గట్టి ప్లాస్టిక్. నేను చూసుకున్నవి రెండే. ఐఎస్ 15298 (సేఫ్టీ బూట్ల భారతీయ ప్రమాణం నంబరు)తో ఐఎస్‌ఐ గుర్తు, ఎస్‌ఆర్‌సీ అన్న అక్షరాలు. సబ్బునీళ్లు పోసిన టైల్ మీద, గ్లిజరిన్ పూసిన స్టీలు మీద జారుడు పరీక్ష నెగ్గిందని ఎస్‌ఆర్‌సీకి అర్థం.

తడి మెట్ల మీద, క్యూరింగ్ నీళ్లలో (కాంక్రీటు గట్టిపడేందుకు తడిపే నీళ్లు) పట్టు బాగుంది. నూనె రేకుల మీద మాత్రం పూర్తిగా నమ్మొద్దు, జారుడు తగ్గుతుందే గానీ పోదు. బూటు అడుగున ఉండే గాడుల్లో సిమెంటు గడ్డకడితే ఆ పట్టూ ఉండదు. రోజూ సాయంత్రం మేకుతో గీకుతున్నాను, అదో పని. ఎండలో పాదాలు ఉడికిపోతాయి. మందం సాక్సు వేస్తారు కాబట్టి ఒక నంబరు పెద్దది తీసుకోండి.

నేను బిల్లడిగితే కొట్టు యజమాని మొహం చిట్లించాడు, అదీ నచ్చలేదు.

మా బేల్దారి ఒకాయన వీటిని చూసి, "మాక్కూడా ఇప్పిస్తారా సార్?" అన్నాడు. పన్నెండు జతలకు లెక్క రాసి కాంట్రాక్టరుకు ఇచ్చాను. ఇంకా సంతకం పెట్టలేదు.