క్లాసు ఎగ్గొట్టేవాళ్ళ కోసం లీనియర్ ఆల్జీబ్రా: ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ 18.06 రివ్యూ

లీనియర్ ఆల్జీబ్రా (వెక్టర్లు, మ్యాట్రిక్సుల గణితం) క్లాసులు నేను ఎగ్గొట్టినవే ఎక్కువ. గ్రేడ్ మాత్రం పైదే వచ్చింది. ఎలా అని అడిగినవాళ్ళకల్లా ఒకటే లింకు పంపాను. వాళ్ళలో చాలామంది నాలుగైదు వీడియోలు చూసి, పరీక్షలో చతికిలబడి, "నీకేదో లక్కు" అని తేల్చేశారు. లక్కు కాదు. ఆ లింకులో వాళ్ళు చూసింది ఒకటి, నేను వాడుకున్నది ఒకటి.

సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెడతామని 2001లో ప్రకటించింది. దాని పేరే ఓపెన్‌కోర్స్‌వేర్. ఖాతా తెరవక్కర్లేదు, ఈమెయిల్ ఇవ్వక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. అలాగే సర్టిఫికెట్ ఉండదు, మన పేపరు దిద్దేవాళ్ళూ ఉండరు. 18.06 అనేది అక్కడి లీనియర్ ఆల్జీబ్రా కోర్సు నంబరు. చెప్పింది ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్. వీడియోలు 1999లో తీసినవి కాబట్టి బొమ్మ మసక, చదరపు ఫ్రేము, సుద్దముక్క, నల్లబల్ల. యానిమేషన్లు కావాలనుకునేవాళ్ళకి మొదటి నిమిషంలోనే నీరసం వస్తుంది. ఆయన 2023 మేలో చివరి క్లాసు చెప్పి రిటైరయ్యారు. పాఠాలు మాత్రం ఇప్పటికీ కొత్త విద్యార్థులకి మొదటి క్లాసుల్లాగే పనికొస్తున్నాయి.

మొదటి లెక్చరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను పట్టేసింది అదే. రెండు సమీకరణాలు తీసుకుంటారు: 2ఎక్స్ − వై = 0, −ఎక్స్ + 2వై = 3. మనమందరం స్కూల్లో చేసినట్టే ముందు రెండు గీతలు గీస్తారు, అవి (1, 2) దగ్గర కలుస్తాయి. ఇక్కడిదాకా కొత్తేమీ లేదు. తర్వాత అవే అంకెల్ని నిలువుగా చదువుతారు. ఎక్స్ పక్కనున్న (2, −1) ఒక వెక్టర్ (వరసగా పేర్చిన అంకెల జాబితా), వై పక్కనున్న (−1, 2) ఇంకో వెక్టర్. ఈ రెండింటినీ ఎంతెంత పాళ్ళలో కలిపితే (0, 3) వస్తుంది? మొదటిది ఒకసారి, రెండోది రెండుసార్లు. జవాబు అదే, చూపు మారింది. గీతలు కలిసే చోటు వెతకడం మానేసి, నిలువు వరుసల్ని కలిపి ఎక్కడెక్కడికి చేరుకోగలం అని అడగడం మొదలుపెడతాం. కాలమ్ స్పేస్ (అలా చేరుకోగల చోట్లన్నీ), ర్యాంక్ (నిలువు వరుసల్లో నిజంగా వేరువేరు దిక్కులు ఎన్ని అన్నది), సమీకరణాలకి పరిష్కారం ఎప్పుడు ఉంటుంది ఎప్పుడు ఉండదు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచే వస్తాయి. మా క్లాసులో ర్యాంక్‌ని నిర్వచనంగా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, తర్వాతి టాపిక్‌కి వెళ్ళిపోయారు.

స్ట్రాంగ్ గారి ఇంకో గుణం, పైకే ఆలోచించడం. తొమ్మిదో లెక్చరులో బేసిస్‌కి (ఒకటి మిగతావాటి కలయికగా రాకుండా, అన్నీ కలిసి ఎక్కడికైనా చేర్చగల వెక్టర్ల గుంపు) ఉదాహరణ కోసం (1, 1, 2), (2, 2, 5) అనే రెండు వెక్టర్లు తీసుకుని, మూడోదిగా (3, 3, 8) రాస్తారు. మొదటి రెండింటి మొత్తం (3, 3, 7) కాబట్టి, చివరి అంకె మారిస్తే మూడూ వేరువేరు దిక్కులు పడతాయని ఆయన లెక్క. అది తప్పు. నిలువుగా పేర్చి చూడండి, పై రెండు అడ్డు వరుసలూ 1, 2, 3 అనే ఒకేలా ఉన్నాయి. ఆ మ్యాట్రిక్స్‌కి (అలా పేర్చిన అంకెల పట్టికకి) విలోమం ఉండదు, కాబట్టి అది బేసిస్ కాదు. పదో లెక్చరు ఈ తప్పు దిద్దుకోవడంతోనే మొదలవుతుంది. దాన్ని ఎడిట్ చేసి తీసేయకుండా ఉంచినందుకు ఆ సైటువాళ్ళకి దండం పెట్టాలి. కొత్తగా చూసేవాళ్ళకి నా సలహా: తొమ్మిదిలో ఆ బోర్డు దగ్గర ఆపి, పదో వీడియో తెరవకుండా, తప్పెక్కడుందో మీరే చేత్తో రాసి చూడండి. ఇప్పుడు నేను చెప్పేశాను కాబట్టి ఆ సరదా కొంత పోయింది, కానీ ఇంకో ప్రశ్న మిగిలే ఉంది: (3, 3, 8) రావాలంటే మొదటి రెండు వెక్టర్లని ఎంతెంత కలపాలి?

వీడియోల మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. అవి మరీ బాగున్నాయి. ఆయన చెబుతుంటే అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ సంగతే తేల్చింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్ళు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, కానీ తామే కుస్తీపడి లెక్కలు చేసినవాళ్ళకి టెస్టులో ఎక్కువ వచ్చింది. నేను లింకు పంపినవాళ్ళకి జరిగింది ఇదే. మంచం మీద పడుకుని, ఒకటిన్నర రెట్ల స్పీడులో, సీరియల్ చూసినట్టు చూశారు. స్పీడు తప్పని నేననను. మాటల వీడియోల్ని రెండు రెట్ల వేగంతో చూసినా అర్థం చేసుకోవడంలో పెద్దగా తేడా రాలేదని 2021లో వచ్చిన ఇంకో అధ్యయనం చెబుతోంది. కానీ మ్యాట్రిక్స్ ఎలిమినేషన్ (సమీకరణాల్లోంచి తెలియని రాశుల్ని ఒక్కొక్కటిగా తీసేయడం) మాటల వ్యవహారం కాదు. ఆయన పివట్ (ఆ తీసివేతకి వాడే అంకె) రాసేలోపు మీరు రాయాలి. అలా చేస్తే స్పీడు సంగతి అటుంచి, పాజ్ బటనే అరిగిపోతుంది.

మరి నేను వాడుకున్నదేమిటంటే, పరీక్ష పేపర్లు. ఈ సైటులో అసలు సరుకు అదే, జనం పట్టించుకోనిదీ అదే. మూడు క్విజ్‌లు, ఒక ఫైనల్, వాటికి జవాబులు. వీటిలో లెక్కలు మన పాత పేపర్లలా "ఈ మ్యాట్రిక్స్‌కి ర్యాంక్ కనుక్కో" అని ఉండవు. తలకిందులుగా అడుగుతారు. ఆ తరహాది ఒకటి చూపిస్తాను. ఏఎక్స్ = బి అనే సమీకరణాల వ్యవస్థలో (ఏ ఒక మ్యాట్రిక్స్; ఎక్స్, బి వెక్టర్లు) బి అంటే (2, 4, 2). దాని పూర్తి పరిష్కారం (2, 0, 0) + సి(1, 1, 0) + డి(0, 0, 1), ఇక్కడ సి, డి ఏ సంఖ్యలైనా కావచ్చు. ఇప్పుడు ఏ అనే మ్యాట్రిక్స్ ఏమిటో చెప్పాలి.

మొదటిసారి ఇలాంటిది చూసినప్పుడు మెదడు మొరాయిస్తుంది. మ్యాట్రిక్స్ ఇచ్చి పరిష్కారం అడగాలి కానీ, ఇదేం ఎదురు ప్రశ్న? కానీ మొదటి లెక్చరులోని నిలువు చూపు పట్టుబడి ఉంటే దారి తెలుస్తుంది. (2, 0, 0)తో గుణిస్తే (2, 4, 2) వస్తోందంటే మొదటి నిలువు వరుస (1, 2, 1). (1, 1, 0)తో గుణిస్తే సున్నా వస్తోందంటే మొదటి రెండు నిలువు వరుసల మొత్తం సున్నా, అంటే రెండోది (−1, −2, −1). (0, 0, 1) సున్నా ఇస్తోంది కాబట్టి మూడో నిలువు వరుస అంతా సున్నాలే. ర్యాంక్ ఒకటి. బి ఎలాంటిదైతే పరిష్కారం ఉంటుంది? (1, 2, 1)కి గుణిజమైతేనే. నాలుగు వాక్యాల్లో సగం సిలబస్ అయిపోయింది. ఇలాంటివి కొన్ని చేత్తో చేశాక మా కాలేజీ పేపరు చూస్తే, నిజం చెబుతున్నా, కాస్త చప్పగా అనిపించింది.

నా పద్ధతి ఇది: ముందు క్విజ్ తెరిచి ప్రయత్నించడం, ఎక్కడ ఆగిపోయానో ఆ టాపిక్ లెక్చరు చూడడం, జవాబులు మూసి పెట్టి మళ్ళీ క్విజ్ రాయడం. జవాబు చూసి "ఆ, నాకు తెలుసుగా" అనుకుంటే అది తెలిసినట్టు కాదు. తెల్లకాగితం మీద వస్తేనే లెక్క.

ఇక లోపాలు. పాత 18.06 పేజీలో హోంవర్కు చాలావరకు పాఠ్యపుస్తకంలోని లెక్కల నంబర్లే. పుస్తకం దగ్గర లేకపోతే అవి ఉత్త అంకెలు. దీనికి మందు 18.06ఎస్‌సీ అనే రెండో పేజీ. సొంతంగా చదువుకునేవాళ్ళ కోసం తయారుచేసింది, లెక్కలు పూర్తిగా ఇచ్చారు, జవాబులూ ఉన్నాయి, టీచింగ్ అసిస్టెంట్లు లెక్కలు చేసి చూపించే చిన్న వీడియోలు కూడా ఉన్నాయి. లెక్చర్లు రెండు చోట్లా అవే. కొత్తవాళ్ళు నేరుగా దానికే వెళ్ళండి.

వరుస కూడా చూసుకోవాలి. చాలా కాలేజీల్లో డిటర్మినెంట్లు మొదట్లోనే చెప్పేస్తారు. స్ట్రాంగ్ గారు వాటిని పద్దెనిమిదో లెక్చరుదాకా ముట్టుకోరు, ఐగెన్ వాల్యూలు ఇరవై ఒకటిలో వస్తాయి. మీ మొదటి టెస్టులో డిటర్మినెంట్లు ఉండి మీరు ఇక్కడ ఆరో లెక్చరులో నల్‌స్పేస్ (మ్యాట్రిక్స్‌తో గుణిస్తే సున్నా ఇచ్చే వెక్టర్ల గుంపు) దగ్గర కూర్చుంటే అంతే సంగతులు. మీ సిలబస్ పక్కన పెట్టుకుని, ఏ వారం ఏ లెక్చరో ముందే రాసుకోండి. నిరూపణలు ఎక్కువగా అడిగే మ్యాథ్స్ విద్యార్థులకైతే ఇది చాలదు. ఎంఐటీలోనే నిరూపణల మీద నడిచే లీనియర్ ఆల్జీబ్రా వేరే ఉంది, 18.700 అని.

అసలు క్లాసులు ఎగ్గొట్టొచ్చా అని అడిగితే, హాజరుకీ గ్రేడ్లకీ ఉన్న సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని గుదిగుచ్చి 2010లో ఒక పెద్ద సమీక్ష వేశారు. కాలేజీ గ్రేడ్ ఎంత వస్తుందో ముందుగా చెప్పడానికి, ప్రవేశ పరీక్షల మార్కులకన్నా హాజరే మెరుగైన గుర్తు అని అందులో తేలింది. అది చదివాక కూడా నేను మారలేదు, ఎందుకంటే శ్రద్ధ ఉన్నవాళ్ళే క్లాసుకి ఎక్కువ వెళ్తారన్న అనుమానం నాకుంది. మీరు నా అనుమానం మీద మీ సెమిస్టర్ పందెం కాయక్కర్లేదు. హాజరుకి మార్కులున్న చోట, ల్యాబుల్లో, చర్చ మీద నడిచే కోర్సుల్లో ఈ ఆలోచనే పెట్టుకోకండి.

ఎంఐటీ సైటు ఇవ్వలేనిది ఇంకొకటుంది: మా సార్ ఏది రెండుసార్లు చెప్పారు, ఏది "ఇది పరీక్షలో రాదు" అని కొట్టేశారు అన్నది. అది నాకు క్లాసు తప్పని ఒక స్నేహితురాలి దగ్గర దొరికేది. ఊరికే కాదు. వారానికోసారి తను చేయలేక వదిలేసిన లెక్కలు నేను కూర్చుని చెప్పాలి, అదీ ఒప్పందం. ఆ చెప్పడంలోనే నాకు ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్ సరిగ్గా ఎక్కింది, పదిహేనో లెక్చరు రెండుసార్లు చూసినా ఎక్కనిది. తర్వాత తనకి నాకన్నా మంచి గ్రేడ్ వచ్చింది, ఆ విషయం ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

రేటింగ్ ఇవ్వాలంటే వీడియోలకి అయిదుకి నాలుగు, పరీక్ష పేపర్లకి అయిదుకి అయిదు, పాత పేజీ హోంవర్కుకి రెండు. సెమిస్టర్ చివర్లో మొదలుపెట్టేవాళ్ళయితే 34 లెక్చర్లూ వరసగా చూడబోకండి, టైము చాలదు. ఎస్‌సీ పేజీలో మొదటి పరీక్ష డౌన్‌లోడ్ చేసుకుని, జవాబుల ఫైలు ముట్టుకోకుండా గంటసేపు కూర్చోండి. ఏ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిందో ఆ లెక్చరుతో మొదలుపెట్టండి.