పెరల్ హార్బర్: ఉచితంగా చూసేదానికి 95 డాలర్లు

హవాయిలోని పెరల్ హార్బర్, 1941లో జపాన్ దాడిచేసిన అమెరికా నేవీ స్థావరం, చూడ్డానికి టికెట్ లేదు. ఆ దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌక మీద కట్టిన మెమోరియల్‌కి తీసుకెళ్లే నేవీ పడవ కూడా ఉచితమే. ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకుంటే మనిషికి 1 డాలరు పడుతుంది, అంతే. మేం దిగిన బీచ్ ప్రాంతం వైకీకీలో మాకు ప్యాకేజీ అంటగట్టినవాడు ఈ ముక్క చెప్పకుండా తలకి 95 చొప్పున నలుగురికి 380 డాలర్లు గుంజాడు. "డీలక్స్" అట. ఏసీ బస్సు, తలా ఓ నీళ్ల సీసా, మాటిమాటికీ "టైమైపోయింది" అని అరిచే గైడు, ఇదీ డీలక్స్.

అప్పటికే హోటల్‌వాళ్లు రోజుకి 45 డాలర్లు రిసార్ట్ ఫీజు అని బిల్లులో కలిపి మా ఆవిడకి మంటెక్కించి ఉన్నారు. గేటు దగ్గర బ్యాగులు లోపలికి రానివ్వరు, దాచుకోవడానికి ఒక్కోదానికి 7 డాలర్లు. గైడు ఆ మాట బస్సులో చెప్పి ఉంటే పిన్ని మందుల సంచి హోటల్లోనే పెట్టి వచ్చేది.

మెమోరియల్ దగ్గర పద్ధతిగానే జరిగింది. ఓడతో పాటు పోయిన 1,177 మంది పేర్లు పాలరాతి గోడ మీద ఉన్నాయి. కింద మునిగిన ఓడ నుంచి ఇప్పటికీ నూనె చుక్కలు పైకి తేలుతున్నాయి.

అసలు గొడవ మ్యూజియంలో. రెండు హాళ్లకీ కలిపి గైడు ఇచ్చింది 20 నిమిషాలు. మా బాబాయి విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యాడు, ఆయన మొదటి ఫోటో దగ్గరే ఆగిపోయాడు. 1941 డిసెంబర్ 7 ఉదయం, దాడి మొదలైన కాసేపటికే జపాన్ విమానంలోంచి తీసిన ఫోటో అది. రేవు మధ్యలోని ఫోర్డ్ ఐలాండ్ అవతల వరసగా యుద్ధనౌకలు. వెస్ట్ వర్జీనియాకి అప్పుడే టార్పెడో తగిలి నీళ్లు స్తంభంలా లేచాయి. ఒక్లహామా ఒరిగిపోతోంది. ఇవతలి గట్టున యూటా అనే ఓడ అంతకంటే ఒరిగింది. కుడివైపు కింద మూలన జపాన్ అక్షరాలు, తమ నౌకాశాఖ అనుమతితో అచ్చువేశామని. ఎవడి దాడికి వాడే ఫోటోగ్రాఫర్!

"ఒరేయ్, ఇటు చూడు," అని బాబాయి దూరంగా ఉన్న గుండ్రటి ట్యాంకులు చూపించాడు. "ఇంధనమంతా ఇక్కడే ఉంది. ఫోటోలో పడింది గానీ బాంబు పడలేదు." ఓడలు బాగుచేసే అక్కడి డాక్‌యార్డ్ కూడా చాలావరకు మిగిలింది. అందుకే దెబ్బతిన్న ఓడల్లో అరిజోనా, ఒక్లహామా, యూటా తప్ప తక్కినవన్నీ బాగుచేసి మళ్లీ దింపగలిగారు. ఆయన ఇంకా చెబుతుండగానే గైడు వచ్చి చప్పట్లు కొట్టాడు, బడిపిల్లల్ని తోలినట్టు.

మర్నాడు సిటీ బస్సులో మళ్లీ వెళ్లాం, మనిషికి 3 డాలర్లు. పిన్నీ, మా ఆవిడా బీచ్‌కే ఓటేశారు. మేమిద్దరం పొద్దుటంతా ఫోటోల దగ్గరే ఉన్నాం. షా అనే డిస్ట్రాయర్ (చిన్న యుద్ధనౌక) పేలినప్పటి ఫోటో ఎన్నోసార్లు చూసిందే, అయినా పెద్ద సైజులో చూస్తే వేరు. అక్కడి పుస్తకాల షాపులో 20 డాలర్లు పెట్టి కొన్న ఫోటోల పుస్తకంలో బాబాయికి డ్రైడాక్ ఫోటో దొరికింది, నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే తొట్టి అది. ముందు కాసిన్, డౌన్స్ అనే రెండు డిస్ట్రాయర్లు, వాటి వెనక పెన్సిల్వేనియా అనే పెద్ద యుద్ధనౌక. మంటలార్పడానికి డాక్‌లోకి నీళ్లు వదిలితే, మండుతున్న నూనె నీటితో పాటే పైకి లేచింది. కాసిన్ తన అడుగున ఆన్చిన దిమ్మల (కీల్ బ్లాకుల) మీంచి జారి డౌన్స్ మీద వాలిపోయింది. బ్లాకు తప్పితే ఏమవుతుందో ఆయనకి తెలుసు, ఆ పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది. "ఇక పాత ఇనుమే," అన్నాడు. తర్వాతి పేజీలో ఆ రెండింటి యంత్రాలు ఊడదీసి, కొత్త ఓడ డొక్కల్లో (హల్‌లలో) బిగించి, పాత పేర్లతోనే దింపారని చదివి లేచి కూర్చున్నాడు.

కాబట్టి రిజర్వేషన్ మీరే చేసుకోండి, బ్యాగు తీసుకెళ్లకండి, పడవ కంటే ముందు మ్యూజియానికి రెండు గంటలు పెట్టుకోండి. అక్కడే ఉన్న మిస్సోరీ యుద్ధనౌకకి, సబ్‌మెరైన్‌కి టికెట్లు వేరే. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసిన విశాఖవాళ్లు సబ్‌మెరైన్ మానేసినా ఫరవాలేదు.

సాయంత్రం ప్యాకేజీవాడి దగ్గరికెళ్లి డబ్బు వెనక్కి అడిగాం. సారీ చెప్పి, డాన్స్‌తో కూడిన డిన్నర్ ఒకటి అమ్మజూశాడు, 10 డాలర్ల డిస్కౌంట్ కూపన్‌తో. మా ఆవిడ ఆ కూపన్ అక్కడే చింపేసింది.