డీఎన్ఏ కిట్, పాత దస్తావేజులు: తెలుగు కుటుంబాలకి ఏది ఎంత పనికొస్తుంది? నా రివ్యూ

ముందే చెప్పేస్తా. డీఎన్ఏ కిట్ కి ఐదుకి మూడు ఇస్తా, పాత రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ కి నాలుగు, మన ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మూలన పడున్న పాత దస్తావేజుకి మాత్రం ఐదుకి ఐదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది సేల్ లో కిట్ కొనేసి, "సౌత్ ఇండియన్" అని రిజల్ట్ రాగానే ఇదేదో తెలిసిన సంగతేగా అని పక్కన పడేస్తున్నారు, అక్కడితో ఆపేస్తే నిజంగా డబ్బులు దండగే.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా, మా ఆయన వాళ్ళది జనగామ వైపు. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మకీ నాకూ ఇద్దరికీ టెస్ట్ చేయించా. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ విషయంలో పెద్ద కంపెనీలన్నీ దాదాపు ఒకటే. కిట్ అసలు ధర వంద డాలర్ల దగ్గర ఉంటుంది కానీ పండగల సేల్స్ లో సగానికి సగం తగ్గుతుంది, ఆగి కొనుక్కోండి. ట్యూబ్ లో ఉమ్మి పట్టాలి, అంతకుముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పెద్దవాళ్ళకి నోరు ఎండిపోతుంటుంది కదా, గీత దాకా నింపడానికి అమ్మ చాలా అవస్థ పడింది, కాబట్టి మీ ఇంట్లో బాగా పెద్దవాళ్ళకి చేయించాలంటే బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దే రకం కిట్ ఉంటుంది, అది తీసుకోండి.

రిజల్ట్ లో రెండు భాగాలుంటాయి. మొదటిది మీ పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్ళు అనే శాతాల మ్యాప్. అందరూ దీనికోసమే కొంటారు, మనకి అతి తక్కువ పనికొచ్చేది ఇదే. వాళ్ళ దగ్గర ముందే ఉన్న శాంపిల్స్ తో మనది పోల్చి శాతాలు చెప్తారు, మనవాళ్ళ శాంపిల్స్ ఎన్ని ఉంటే అంత స్పష్టంగా వస్తుంది. 1000 జీనోమ్స్ అని ప్రపంచమంతా వాడుకునే పెద్ద డీఎన్ఏ ప్రాజెక్టు ఉంది, అందులో తెలుగు శాంపిల్స్ అంటే బ్రిటన్ లో స్థిరపడిన తెలుగువాళ్ళవి, ఓ వంద మందివి. వంద మందిని పెట్టుకుని ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఎవరెక్కడివాళ్ళో ఎలా విడగొడతారు చెప్పండి. మా ఊరి సంగతి అటుంచండి, కనీసం కళింగ వైపు అన్న సూచన కూడా మాకు రాలేదు.

రెండో భాగం మ్యాచ్ లిస్ట్, అసలు విలువంతా అక్కడుంది. మీతో డీఎన్ఏ ముక్కలు పంచుకుంటున్న మనుషులు, ఎంత పంచుకుంటున్నారో సెంటీమోర్గాన్ల (డీఎన్ఏ ముక్కల పొడవు కొలిచే యూనిట్) లెక్కలో చూపిస్తారు. మామూలుగా మొదటి తరం కజిన్ తో (అంటే ఒకే తాత మనవలు) పన్నెండున్నర శాతం, రెండో తరంతో (ఒకే ముత్తాత మునిమనవలు) మూడు శాతం, మూడో తరంతో ఒక శాతం లోపు కలుస్తుంది. నాలుగో తరం కజిన్స్ లో దాదాపు సగం మంది అసలు మ్యాచే అవ్వరు, నిజంగా చుట్టాలయినా సరే.

కానీ ఈ లెక్కలన్నీ మేనరికాలు లేని సమాజాలకి వేసినవండి. మన ఇళ్ళల్లో అలా ఉండదు కదా. మేనత్త కొడుకునో మేనమామ కూతురినో చేసుకుంటే పుట్టే పిల్లలకి ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది ఉండాల్సింది ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో అయితే తండ్రి తరఫు తాతే తల్లి తరఫు ముత్తాత కూడా అవుతాడు. ఇలా రెండు మూడు తరాలు వరసగా జరిగితే ఒకే ముక్క రెండు మూడు దారుల్లో వచ్చి చేరుతుంది, కంపెనీ మాత్రం అదంతా కూడి "రెండో తరం కజిన్" అని రాసేస్తుంది, తీరా చూస్తే అయిదో తరం అయ్యుండొచ్చు. దీనికి తోడు కులం లోపలే పెళ్ళిళ్ళు. 2009లో మన హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళూ హార్వర్డ్ వాళ్ళూ కలిసి నేచర్ పత్రికలో వేసిన పేపర్ లో ఆంధ్ర వైశ్యుల ఉదాహరణే ఉంది, వేల ఏళ్ళుగా బయటి సంబంధాలు దాదాపు లేకుండా వచ్చారని వాళ్ళ డీఎన్ఏలో కనిపించింది. అలాంటప్పుడు మీ కులం వాళ్ళెవరు టెస్ట్ చేయించుకున్నా దూరపు కజిన్ గా కనబడే అవకాశం ఉంటుంది. అందుకని చిన్న చిన్న మ్యాచ్ లు చూసి ఉత్సాహపడిపోవద్దు. పెద్ద ముక్కలుగా కలుస్తున్నాయా, లేక చిన్న ముక్కలు బోలెడు కలిసి ఆ నంబర్ వచ్చిందా అనేది చూడండి, ఒకే పొడవాటి ముక్క ఉంటే అది దగ్గరి తరం చుట్టరికం అనడానికి మంచి సూచన.

ఇక మా సంగతి. మా అమ్మ వాళ్ళ తాతకి ఒక తమ్ముడుండేవాడు, కుర్రతనంలోనే ఇల్లొదిలి వెళ్ళిపోయాడు, "రంగం పోయాడు" అని మా ఇంట్లో అందరూ అనుకుంటూ వచ్చిన మాట. రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో ఇలాంటి కథ లేని ఊరుండదు, 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో మన దేశం వాళ్ళు పది లక్షల మంది ఉన్నారు, అందులో మనవాళ్ళు విశాఖపట్నం, కాకినాడ, కోరంగి రేవుల నుంచి మేస్త్రీల వెంట వెళ్ళినవాళ్ళు. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీసుకెళ్ళేవాడు, కాంట్రాక్టు కూలీలకి (ఇన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పందం మీద వేరే దేశాల తోటలకి వెళ్ళినవాళ్ళకి) రాసినట్టు మనిషి మనిషికీ తండ్రి పేరు, ఊరు రాసిన సర్కారు రిజిస్టరు దానికి లేదు. కాబట్టి మాకు బర్మా వైపు ఏ కాగితమూ దొరకలేదు.

అమ్మ మ్యాచ్ లిస్ట్ లో మాత్రం పైనే ఒకావిడ కనిపించింది, డర్బన్ లో ఉంటారు. నా లిస్ట్ లో ఆవిడే ఎక్కడో కింద ఉన్నారు, నా ఒక్కదానికే చేయించుంటే పట్టించుకునేదాన్ని కాదు. పై తరం వాళ్ళు ఉన్నప్పుడే వాళ్ళకి చేయించండి అని నేను అందరికీ పదే పదే చెప్పేది ఇందుకే, ప్రతి తరానికీ సగం పోతుంది. ఆవిడ ఇంటిపేరు మన ఇంటిపేరులా లేదు, సింహాచలం అప్పన్న పేరు కలిసిన మనిషి పేరది. దక్షిణాఫ్రికాలో అంతేనట, ఓడ దిగినప్పుడు గుమాస్తా రాసుకున్న మొదటి మనిషి పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరు అయిపోయింది. మెసేజ్ పెట్టాను, ఆవిడ ఎంతో ఆదరంగా జవాబిచ్చారు, వాళ్ళ ముత్తాత ఓడ కాగితం ఫోటో కూడా పంపారు.

ఆ కాగితం గురించి చెప్పాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, అప్పటి నుంచి 1911 దాకా నాటాల్ కి (డర్బన్ ఉన్న ప్రాంతం) 1,52,184 మంది మన దేశపు కాంట్రాక్టు కూలీలు వెళ్ళారు, దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు, అన్నీ రాసి పెట్టారు. మనుషుల్ని చెరుకు తోటలకి తోలడానికి రాసుకున్న లెక్క అది, చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది, కానీ అదే ఈ రోజు వాళ్ళ పిల్లలకి ఊరు చూపిస్తోంది. ఆ లిస్టులు తర్వాత కంప్యూటర్ లోకి ఎక్కించారు, క్వాజులు-నాటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ లో ఉన్నాయి. నాటాల్ మరణాల రిజిస్టర్లు ఫ్యామిలీసెర్చ్ లో ఫ్రీగా చూడొచ్చు.

ఆవిడ పంపిన కాగితంలో జిల్లా వైజాగపటం అనుంది, అంటే అప్పటి విశాఖపట్నం జిల్లా. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ లో ఎంత చెడిపోయిందంటే ఆవిడ కుటుంబం ఇన్నేళ్ళూ మ్యాప్ లో వెతికి దొరకక వదిలేశారట. నేను పైకి చదివేసరికి అమ్మ పక్క నుంచి "అది మనూరే కదే" అంది. తండ్రి పేరు కూడా ఉంది. ఆ పేరు మా ముత్తాత తండ్రిదేనా అని తేల్చింది ఎవరంటే డీఎన్ఏ కాదండి, మా మావయ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీయించిన పాత భాగపంపకాల దస్తావేజు నకలు. మన పాత దస్తావేజుల్లో "ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు" అని ప్రతి ఒక్కరికీ రాస్తారు కదా. అందులో అన్నదమ్ముల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ఒకరి పేరు దగ్గర "దేశాంతరం పోయినందున" అని రాసి ఆయన వాటా గురించి ప్రత్యేకంగా ఒక పేరా ఉంది. ఊరు కలిసింది, తండ్రి పేరు కలిసింది, డీఎన్ఏ కలిసింది. మూడూ కలిశాకే నేను నమ్మాను. ఆయన రంగం వెళ్ళలేదు, నాటాల్ వెళ్ళాడు. ఆ రోజుల్లో సముద్రం దాటినవాళ్ళందరినీ ఊళ్ళో రంగం పోయాడనే అనేవాళ్ళేమో అని మావయ్య అంటున్నాడు, నాకూ అదే అనిపిస్తోంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న దస్తావేజులు ముందు తీయండి. తర్వాత ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించి పాత నంబర్లు పట్టుకుని నకళ్ళు అడగండి, భాగపంపకాల దస్తావేజు దొరికితే ఒక తరం మొత్తం దొరికినట్టే. ఒక ఆఫీసులో మా వాళ్ళని పాత వాల్యూములు చెదలు పట్టాయని చాలాసార్లు తిప్పారు, ఓపిక పట్టాలి, రాతపూర్వకంగా అర్జీ పెట్టాక పని జరిగింది. ఇనాం భూములున్న కుటుంబాలకి 1858లో మొదలైన ఇనాం కమిషన్ వాళ్ళ ఫెయిర్ రిజిస్టర్ ఉంది, మొదట ఇనాం పొందినవాడి నుంచి అప్పటి హక్కుదారు దాకా పేర్లుంటాయి, అంతకంటే మంచి వంశవృక్షం ఇంకోటి దొరకదు. మాది జమీందారీ ఊరు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంట్ రికార్డుల్లోనే రైతుల పేర్లు సర్కారు లెక్కలో కనిపించాయి. మా ఆయన వాళ్ళ వైపు 1954-55 ఖాస్రా పహాణీ (తెలంగాణ వైపు పాత భూముల లెక్క) బాగా పనికొచ్చింది, వాళ్ళ పెద్దమ్మకి అయితే పిచ్చగుంట్ల వాళ్ళు, ఇప్పుడు వంశరాజులు అంటున్నారు, వాళ్ళు చెప్పిన ఇంటిపేర్లు, గోత్రాలు ఇప్పటికీ నోటికొచ్చు, ఫోన్ లో రికార్డ్ చేసి పెట్టుకున్నాం. పుట్టుక చావుల రిజిస్టర్లు మునసబు దగ్గర ఉండేవి, 1984లో కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు కొన్ని ఆఫీసులకి చేరాయి, కొన్ని ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. మీ ఊళ్ళో కరణం గారి వారసులెవరో కనుక్కుని ఒకసారి మర్యాదగా అడిగి చూడండి.

ఫ్యామిలీసెర్చ్ గురించి ఒక మాట. అమెరికాలోని మోర్మన్ చర్చి వాళ్ళు నడుపుతారు, పైసా ఖర్చు లేదు, హరిద్వార్ పండాల బహీలు (యాత్రకి వచ్చిన కుటుంబాల వంశాలు రాసుకునే పుస్తకాలు) కూడా ఫోటోలు తీసి పెట్టారు. అవి ఎక్కువగా ఉత్తరాది కుటుంబాలవి, మన తెలుగు రికార్డులు అందులో బాగా తక్కువ, నాలుగు ఇచ్చింది అందుకే. మారిషస్ వైపు చుట్టాలుంటే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ కి రాయండి, కోరంగి నుంచి వెళ్ళిన మనవాళ్ళ రికార్డులు, కొందరివి ఫోటోలతో సహా అక్కడున్నాయి.

డేటా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 23అండ్‌మీ అనే డీఎన్ఏ టెస్ట్ కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. డీఎన్ఏ పాస్‌వర్డ్ లాగా మార్చుకునేది కాదు, పైగా అది మీ ఒక్కరిదే కాదు, మీ తోబుట్టువులదీ పిల్లలదీ కూడా. అందుకే పంపేముందు ఇంట్లో అందరితో మాట్లాడండి, ఎవరికైనా ఇష్టం లేకపోతే ఆగిపోండి. రిజల్ట్ వచ్చాక రా డేటా (మీ డీఎన్ఏ అసలు ఫైలు) దింపుకుని, శాంపిల్ పారేయమని సెట్టింగ్స్ లో పెట్టండి.

నిజంగానే బర్మా వెళ్ళిన కుటుంబాల వాళ్ళకి ఒక విన్నపం. కంచరపాలెం బర్మా క్యాంపు లాంటి చోట్ల 1960ల్లో తిరిగొచ్చినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు, ఆ ఇళ్ళల్లో బర్మా ప్రభుత్వం ఇచ్చిన విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డులు ఉండొచ్చు. మేస్త్రీ వెంట వెళ్ళిన మనిషికి మిగిలిన కాగితం చాలాసార్లు అదొక్కటే. దయచేసి అవి పారేయకండి, రెండువైపులా స్కాన్ చేసి, వెనకాల పెన్సిల్ తో పేరు, ఊరు రాసి పెట్టండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే కూర్చుని అడగండి.