స్టూడియోలోనా, వార్డులోనా?
ఆసుపత్రి రూపకల్పనను ఆర్కిటెక్టులకు, నర్సులకు, ఇంజనీర్లకు కలిపి నేర్పడానికి హైదరాబాదులో రెండు దారులున్నాయి: మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయం వంటి చోట ఉమ్మడి స్టూడియో (ప్లాన్లు గీస్తూ, చర్చిస్తూ నేర్చుకునే తరగతి) నడపడం, లేదా బోధనాసుపత్రి వార్డులోనే తరగతి పెట్టడం. స్టూడియోలో తీరిక ఉంటుంది. కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు శస్త్రచికిత్స తర్వాత త్వరగా ఇంటికి వెళ్లారని చూపిన పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984 నాటి అధ్యయనాన్ని నింపాదిగా చర్చించవచ్చు. అయితే అక్కడ గీత గీసేవారి మాటే చెల్లుతుంది. వార్డులో ఆ వరస తిరగబడుతుంది: స్ట్రెచర్ ఏ మలుపులో ఇరుక్కుంటుందో, చేతులు కడుక్కునే సింకు ఎక్కడుండాలో, రోగి వెంట వచ్చినవారు రాత్రి చాపలు ఎక్కడ పరుచుకుంటారో (మన ప్లాన్లలో వీరికి చోటే ఉండదు) నర్సులు చూపిస్తుంటే ఆర్కిటెక్టులు రాసుకుంటారు. రద్దీ వల్ల, ఇన్ఫెక్షన్ జాగ్రత్తల వల్ల అక్కడ ఎక్కువసేపు నిలవడం కష్టమే. అయినా మొదటి వారాలు వార్డుకే కేటాయించి, తర్వాతే స్టూడియోకు వెళ్లడం మేలని నా అభిప్రాయం.